మాలపల్లి రాసిన బారిస్టరు

గూడూరు నుంచి బందరు వైపు వెళ్లినా, గుడివాడ వైపు వెళ్లినా ఊళ్ల అమరిక ఒక్కటే. ఊరు ఒకచోట, పల్లె ఇంకోచోట. ఇప్పుడు చాలాచోట్ల అంబేడ్కర్ విగ్రహం వచ్చింది, కాలనీ అనే పేరు వచ్చింది. వందేళ్ల కిందట మాత్రం దాన్ని మాలపల్లి అనే అనేవారు. చిన్నచూపుతో పలికే ఆ మాటనే 1922లో ఒక బ్రాహ్మణ బారిస్టరు తన నవలకు పేరుగా పెట్టారు. ఆయన ఉన్నవ లక్ష్మీనారాయణ.

1877లో గుంటూరు జిల్లా వేములూరుపాడులో పుట్టిన ఉన్నవ వకీలుగా స్థిరపడ్డారు. వీరేశలింగం బాటలో వితంతు వివాహాలు జరిపించారు. ఆ పనిలోనూ, తర్వాతి ఉద్యమాల్లోనూ భార్య లక్ష్మీబాయమ్మ ఆయనతో సమానంగా నడిచారు. ఆ తర్వాత ఆయన ఐర్లండ్‌లోని డబ్లిన్‌కు వెళ్లి బారిస్టరై వచ్చారు. ఆ చదువుతో జీవితాంతం హాయిగా సంపాదించుకోవచ్చు. కానీ సహాయ నిరాకరణ కాలంలో ఆయన ప్రాక్టీసు వదిలేశారు. పల్నాడు రైతుల అడవి పుల్లరి పోరాటంలో దిగి జైలుకు వెళ్లారు. స్త్రీల చదువు కోసం దంపతులిద్దరూ 1922లో గుంటూరులో శారదా నికేతనం స్థాపించారు.

మాలపల్లిని ఆయన జైల్లోనే రాశారు. కథ ఒక పల్లెటూరిది, ఒక కుటుంబానిది. మాల రామదాసు ఇల్లు ఆ కథకు కేంద్రం. కొడుకు సంగదాసు పాలేర్లను, కూలీలను కూడగడతాడు. భూస్వామి చౌదరయ్య చేతిలో ప్రాణం పోగొట్టుకుంటాడు. ఇంకో కొడుకు వెంకటదాసు ఉన్నవాళ్లను దోచి లేనివాళ్లకు పెట్టే దారి పడతాడు. పొలం, కూలి, పోలీసులు, జైలు అన్నీ ఆ ఇంటి మీద పడతాయి. అప్పటిదాకా తెలుగు నవలలో దళితుల ఇల్లు ఇంత నిండుగా కనిపించలేదు. వాళ్లు కనిపించినా గడప అవతల నిలబడేవారు.

ఒక కుటుంబ కథకు ప్రభుత్వం ఎందుకు భయపడింది? మద్రాసు ప్రభుత్వం ఈ నవలను నిషేధించింది. కొన్నేళ్లకు అనుమతి దొరికినా, ఆంధ్ర విశ్వవిద్యాలయం పాఠ్యపుస్తకంగా పెట్టాక మళ్లీ నిషేధం వచ్చింది. 1937లో రాజాజీ మంత్రివర్గం ఏర్పడ్డాకే ఆ అడ్డు తొలగింది. కారణం కష్టమైనదేమీ కాదని మేం అనుకుంటున్నాం. దళితుడి మీద జాలి చూపించే పుస్తకాన్ని ఏ ప్రభుత్వమైనా భరిస్తుంది. కూలీలు కలిసి పని ఆపేసే పుస్తకాన్ని భరించడం కష్టం.

అయితే ఉన్నవను దేవుణ్ణి చేయాల్సిన పని లేదు. ఆయన రామదాసు వేదాంతం మాట్లాడే వైష్ణవ భక్తుడు. అన్నిటినీ ఓర్చుకునేవాడు. పల్లె మనిషి గౌరవం పొందాలంటే ముందు ఇంత సాత్వికుడు కావాలా అని దళిత పాఠకులు అడుగుతూనే ఉన్నారు. అడగాలి కూడా. పల్లె అప్పటికి మూగగానూ లేదు. మాలపల్లి రావడానికి ఐదేళ్ల ముందే, 1917లో, బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన సభ జరిగింది. పంచములన్న పేరు కాదని, తాము ఆదిఆంధ్రులమని అక్కడ చాటుకున్నారు. కుసుమ ధర్మన్న, గుర్రం జాషువా తమ గొంతుతోనే రాశారు. ఉన్నవ వాళ్లకు నోరివ్వలేదు. అగ్రవర్ణ పాఠకుడి చెవి మాత్రం పల్లె వైపు తిప్పారు. ఆ కాలంలో అది చిన్న పని కాదు.

ఉన్నవ 1958లో కన్నుమూశారు. ఆ తర్వాత 1985లో కారంచేడు, 1991లో చుండూరు జరిగాయి. చుండూరు కేసులో ప్రత్యేక కోర్టు 2007లో శిక్షలు వేస్తే, 2014లో హైకోర్టు నిందితులందరినీ విడిచిపెట్టింది. కారంచేడు తర్వాత ప్రభుత్వ న్యాయవాది పదవి వదులుకుని బాధితుల పక్షాన నిలిచిన బొజ్జా తారకం పల్లె నుంచే వచ్చిన వకీలు, రచయిత. ఉన్నవ కాలంలో పల్లె గురించి రాయడానికి బయటి బారిస్టరు కావలసి వచ్చింది. ఇప్పుడు పల్లె తన వకీళ్లను, తన రచయితలను తానే తయారు చేసుకుంటోంది. లా చదువుతున్న మన పిల్లలు మాలపల్లిని ఒకసారి చదవాలని కోరుతున్నాం. ఎక్కడ ఒప్పుకోవాలో, ఎక్కడ పోట్లాడాలో రెండూ అందులో దొరుకుతాయి. సంగదాసు హత్య మాత్రం పాత కథగా అనిపించదు.