కన్నులకు జూపిన బోధ – డోర్నకలు బిషప్పు అజరయ్యగారు

సభయందు మాటలాడవలసివచ్చినప్పుడు మన విద్యార్థులు ముందుగా పటములను, బొమ్మలను సిద్ధపరచుకొందురు. అది మంచిదే. కాని పటము గోడకు వ్రేలాడినంతమాత్రమున వినువారికి విషయము తెలియదు. పటములేకయే వేలకొలది జనులకు కన్నులకు గట్టునట్లు బోధించిన యొక మహనీయుని చరిత్ర నిచ్చట వ్రాయుచున్నాను.

వేదనాయగము శామ్యేలు అజరయ్యగారు 1874 సంవత్సరము ఆగష్టు 17వ తేదిని తిరునెల్వేలి ప్రాంతమున వెళ్లాళన్‌విళై యను గ్రామమున జన్మించిరి. తండ్రిగారు సంఘగురువు. చెన్నపురి క్రైస్తవ కళాశాలలో చదివి, 1895 మొదలు 1909 వరకు వై.ఎమ్.సి.ఎ. కార్యదర్శిగా నుండిరి. 1909లో గురుపట్టము పొంది నైజాము రాష్ట్రమునందలి డోర్నకలునకు వచ్చి చేరిరి. వారి మాతృభాష తమిళము. తెలుగు నేర్చుకొనియే బోధింపవలసివచ్చెను.

1910 జూను నెలలో ఎడింబరో పట్టణమున జరిగిన లోక మిషనరీ మహాసభలో వారు మాటలాడిరి. అప్పటికి వారి వయస్సు ముప్పదియైదేండ్లు. సభయందు అధికసంఖ్యాకులు ఐరోపా, అమెరికా ఖండములవారు. అట్టి సభలో, మిషనరీలు ధనమును, ప్రయాసను ధారవోసిరని కృతజ్ఞతతో నొప్పుకొనుచునే, భారతీయ సేవకులతో యజమానులవలె గాక స్నేహితులవలె మెలగవలెనని నిర్భయముగ వేడిరి. కొందరికది కష్టముగ దోచెను. అయినను ఆ సభలోని ప్రసంగములలో నేటికిని జనులు తలచుకొనునది ముఖ్యముగ నదియే.

1912 డిశెంబరు 29వ తేదిని కలకత్తాలో వారికి బిషప్పు పట్టాభిషేకము జరిగెను. ఆంగ్లికను సంఘమున భారతీయులలో ఆ పదవి నందిన మొదటివారు వారే. తరువాత మన కృష్ణా మండలమునందలి సంఘములును వారి పాలనక్రిందికి వచ్చెను. బండిమీదను, సైకిలుమీదను వారు పల్లెలు తిరిగిరి. ఎడింబరోలో వినినవారు విద్వాంసులు. ఇచ్చట వినువారిలో అక్షరము నెరిగినవారు బహు కొద్ది. పుస్తకమిచ్చిన నేమి ప్రయోజనము? కావున పాటలను, భజనలను, నాటకములను వారు మిక్కిలి ఆదరించిరి.

అన్నిటికంటె నాకు గొప్పగా దోచునది యొకటి కలదు. బాప్తిస్మము పొందినవారిని తమ చేతిని తమ తలమీదనే యుంచుకొనుమనెడివారు. ఆ తలమీద నీరు పడిన సంగతిని జ్ఞాపకము చేసికొనుచు, తాము క్రైస్తవులమనియు, సువార్తను ఇతరులకు చెప్పకుండుట తమకు తగదనియు, వారిచేత బిగ్గరగా పలికించెడివారు. కూలిచేయు ముదుసలికిని, గొడ్లకాపరి బాలునికిని అది చాలును. బొమ్మ చూపిన బోధకుడు ఊరు విడిచిపోవునప్పుడు బొమ్మయు వానితోడనే పోవును. ఈ చేయియు, ఈ తలయు ఇంటికి వచ్చి, పొలమునకును వచ్చును.

డోర్నకలులోని ఎపిఫనీ దేవాలయమును గట్టించుటయందును వారి బుద్ధి యట్టిదే. విలాయతు గుడిని తెచ్చి నిలుపలేదు. హిందూ దేవాలయముల మంటపస్తంభములను, మసీదుల గుమ్మటములను పోలిన పనితనమును అందు జేర్చిరి. గ్రామమునుండి వచ్చినవాడు లోపల ఉపదేశము వినకమునుపే, ఈ మతము పరదేశపు సొత్తు కాదని గోడలను జూచి గ్రహింపగలడు. పని ముగియుటకు బహుకాలము పట్టెను. 1939 జనవరి 6వ తేదిని ప్రతిష్ఠ జరిగెను.

అటుపిమ్మట ఆరేండ్లయిన నిండకమునుపే, 1945 జనవరి 1వ తేదిని అజరయ్యగారు డోర్నకలులోనే పరమపదించిరి.