కాలేజీకి వెళ్ళని లెక్చరర్

ఇంటర్ ఫస్టియర్‌లో నాకు ఫిజిక్స్ పోయింది. సప్లిమెంటరీలో గట్టెక్కాను గానీ, ఎంసెట్‌లో ర్యాంకు చాలా పెద్దదే వచ్చింది. ర్యాంకు పెద్దదైతే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. కౌన్సెలింగ్‌లో పైన పెట్టుకున్న ఆప్షన్లు ఒక్కటీ రాలేదు. నేను మొహం వేలాడేసుకుని తిరుగుతుంటే, మా మావయ్య బండి మీద శ్రీముఖలింగం తీసుకెళ్ళారు. దర్శనం అయ్యాక, ఇక్కడికి దగ్గర్లోనే పర్వతాలపేట, గిడుగు రామమూర్తి గారు పుట్టిన ఊరు అని చెప్పారు. ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం ఆయన పుట్టినరోజే అన్నంత వరకే నాకు తెలుసు. ఇంటికొచ్చి ఆయన గురించి చదివాను.

ఆయన పుట్టింది 1863లో. పన్నెండేళ్ళ వయసులోనే నాన్నగారు పోయారు. విజయనగరంలో బంధువుల ఇంట్లో ఉండి మహారాజావారి స్కూల్లో చదువుకున్నారు. గురజాడ అప్పారావు గారు అక్కడే ఆయనకి స్నేహితులయ్యారు. 1879లో మెట్రిక్ పాసయ్యారు. ఇంటి పరిస్థితి వల్ల పైచదువు అక్కడితో ఆగింది. మరుసటి ఏడాదే పర్లాకిమిడి రాజావారి స్కూల్లో టీచరుగా చేరారు. జీతం నెలకి 30 రూపాయలు.

చదువు మాత్రం వదల్లేదు. పగలు పాఠాలు చెబుతూనే ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ. పాసయ్యారు. ఎఫ్.ఏ. అంటే మన ఇంటర్ లాంటిదన్నమాట. మెట్రిక్ తర్వాత దానికి ఏడేళ్ళు పట్టింది! తర్వాత చరిత్ర తీసుకుని బి.ఏ. కూడా అలాగే పూర్తి చేశారు. ఈలోగా ఆ స్కూలు కాలేజీ అయింది. విద్యార్థిగా కాలేజీ బెంచీ మీద కూర్చోని మనిషి, కాలేజీ క్లాసులకి పాఠాలు చెప్పారు.

ఆయన కోరుకున్న చోటు పర్లాకిమిడి అవునో కాదో గానీ, ఆ చుట్టుపక్కల కొండల్లో సవరలు ఉండేవారు. వాళ్ళ భాషకి పుస్తకాల్లేవు. ఆయన ఆ భాష నేర్చుకుని, వాచకాలు రాసి, సొంత ఖర్చుతో బళ్ళు పెట్టించారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. క్వినైన్ వాడి వాడి చెవులు దెబ్బతిన్నాయి. సవర భాష మీద ఆయన రాసిన పుస్తకం 1931లో అచ్చయింది. అప్పటికి ఆయనకి 68 ఏళ్ళు.

ఇంకో పక్క, పిల్లల చదువు గ్రాంథికంలో కాదు, మనం మాట్లాడే తెలుగులో ఉండాలని పెద్ద పెద్ద పండితులతో ఏళ్ళ తరబడి వాదించారు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలోకి పోతే, అంతకాలం ఉన్న ఊరు వదిలి రాజమండ్రి వచ్చేశారు. 1940 జనవరి 22న కన్నుమూశారు.

ఆయన కష్టంతో నా ర్యాంకుని పోల్చుకోను. నాకు నాన్న ఉన్నారు, ఫీజు కట్టారు, నేనే చదవలేదు. కానీ ఒకటి అర్థమైంది. పైచదువు ఆగినచోట ఆయన ఆగలేదు. దొరికిన ఊళ్ళోనే ఎవరూ పట్టించుకోని పని ఒకటి చూసుకున్నారు.

ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం నాది. గ్రాంథికంలో అయితే ఈ పేజీలో ఒక్క వాక్యం కూడా రాయలేకపోయేదాన్ని. మా ఇంట్లో మాట్లాడే తెలుగులో రాసి పంపాను. ఎడిటర్ అన్నయ్య వద్దనలేదు. అందుకు గిడుగు వారికి నేను బాకీ.