సరిహద్దు సీమ మనిషి: రాబర్టు షూమన్

ఫ్రాన్సు, జర్మనీల నడుమనున్న లొరేన్ సీమలో ఊళ్లు కదలవు, పొలములు కదలవు. యుద్ధము ముగిసినప్పుడెల్ల సరిహద్దు మాత్రము కదలుచుండెడిది. షూమన్ తండ్రి అక్కడ ఫ్రెంచి పౌరుడుగా పుట్టి, 1871లో ఆ సీమ జర్మనీ వశము కాగా జర్మను పౌరుడైనాడు. కుమారుడు 1886 జూన్ 29న లక్సెంబర్గులో జర్మను పౌరుడుగా జన్మించి, 1912లో మెట్జ్ నగరమున న్యాయవాది అయినాడు. మొదటి ప్రపంచ యుద్ధానంతరము లొరేన్ ఫ్రాన్సుకు తిరిగిరాగా ఫ్రెంచి పౌరుడై, 1919లో పార్లమెంటులో ప్రవేశించినాడు. తండ్రికి జరిగినదే కుమారునకు తలక్రిందుగా జరిగినదన్నమాట!

1940లో నాజీలు ఆయనను నిర్బంధించినారు. 1942లో తప్పించుకొని మఠములలో తలదాచుకొన్నాడు. ఇన్ని బాధలు పడినవాడు జర్మనీని అణగద్రొక్కవలెనని కోరినా తప్పుపట్టువారు లేరు. నాడు ఫ్రాన్సులో అట్లు కోరినవారు పెక్కుమంది. ఆయన దారి వేరు.

1950 మే 9న విదేశాంగమంత్రిగా ఆయన పారిస్‌లో ఒక ప్రకటన చేసినాడు. దానిని రూపొందించినవాడు జీన్ మొనే. రెండు దేశముల బొగ్గు, ఉక్కు ఉత్పత్తిని ఒకే ఉన్నతాధికార సంఘము క్రింద ఉంచవలెననుట అందలి సారాంశము. ఫిరంగికి ఉక్కు కావలెను, ఉక్కుకు బొగ్గు కావలెను. ఆ రెండును ఉమ్మడివైనచో ఒకరెరుగకుండ మరొకరు యుద్ధమునకు సిద్ధపడుట దుర్ఘటము. 1951 ఏప్రిల్ 18న ఆరు దేశములు ఒడంబడికపై సంతకము చేసినవి. బొగ్గు, ఉక్కులపై సుంకములు తొలగుటయే గాక, ఆ పరిశ్రమలలోని నిపుణ కార్మికులకు జాతిభేదము లేక పని ఇయ్యవలెనను నియమము కూడ అందులో చేరినది.

బ్రిటన్ చేరలేదు. తన గనులపై పరాయి సంఘము పెత్తనము దానికి రుచించలేదు. ప్రజలు ఎన్నుకొనని అధికారులు ప్రజల బ్రతుకుదెరువును నిర్ణయించుట ఎట్లన్న ఈ ఆక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. ఫ్రాన్సు సైతము 1954లో ఉమ్మడి సైన్య ప్రతిపాదనను త్రోసిపుచ్చినది. వర్తకములో కలియుట వేరు, సైన్యములో కలియుట వేరు. షూమన్ అంచెలంచెలుగా నడువవలెననినది ఇందుకే. 1973లో చేరిన బ్రిటన్ 2020లో వైదొలగినప్పుడు కూడ మనుష్యుల స్వేచ్ఛా సంచారమే ప్రధాన వివాదములలో ఒకటి.

1957 రోము ఒడంబడికతో సరుకులతోపాటు మనుష్యుల రాకపోకలు కూడ లక్ష్యమైనవి. 1958 నుండి రెండేండ్లు షూమన్ యూరపు పార్లమెంటరీ సభకు అధ్యక్షుడైనాడు. 1963 సెప్టెంబరు 4న, మెట్జ్ చెంత మోసెల్ నదీతీర గ్రామమున కన్నుమూసినాడు. అదే నదికి దిగువన షెంగెన్ అను పల్లె ఉన్నది. 1985 జూన్ 14న అక్కడ నదిపై నిలిచిన ఒక ఓడలో, సరిహద్దు తనిఖీలను క్రమముగా ఎత్తివేయుటకు ఐదు దేశముల ప్రతినిధులు సంతకములు చేసినారు.