వాల్డెమార్ హాఫ్‌కిన్

మన తాతముత్తాతలు మరిడి అని, గత్తర అని పేరెత్తడానికే వెఱచిన వ్యాధి కలరా. దానికి టీకా తయారుచేసి మనదేశానికి తెచ్చిన శాస్త్రవేత్త వాల్డెమార్ హాఫ్‌కిన్.

ఆయన 1860లో ఒడెస్సా నగరంలో జన్మించారు. పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో పరిశోధించి, 1892లో ఆ టీకాను మొదట తన దేహానికే వేసుకొన్నారు. అంతకు మించిన పూచీ ఏముంటుంది? మరుసటి సంవత్సరం కలకత్తా చేరారు. పరదేశి సూదిని జనం తొలుత నమ్మలేదు. 1894లో ఒక పేదలవాడలో కలరా సోకినప్పుడు, టీకా పొందినవారిలో కంటె పొందనివారిలోనే అది ఎక్కువగా కనిపించింది. అటుపిమ్మట ప్లేగుకూ టీకా రూపొందించారు. 1902లో పంజాబులో ఆ టీకా పొందిన 19 మంది ధనుర్వాతంతో మరణించగా నింద ఆయనపై పడింది. నిర్దోషియని తేలేసరికి 1907 వచ్చింది. 1930లో స్విట్జర్లాండులో కన్నుమూశారు.

అయితే కలరా క్రిమి నీటితోపాటు నోట ప్రవేశించి పేగుల లోపలి జిగురుపొరపై నివసిస్తుంది, రక్తంలో చేరదు. చర్మం కింద ఎక్కించిన టీకా రక్తంలో ప్రతిరక్షకాలను పెంచుతుంది గాని, ఆ పొరపై కాపలాను అంతగా నిలపలేదు. అందుచేత సూది ఇచ్చిన రక్షణ ఎక్కువకాలం నిలవలేదు. దీనిని హాఫ్‌కిన్ లోపమనడం న్యాయం కాదు. ఆ పొరలోనే పుట్టే ప్రతిరక్షకాల సంగతి ఆనాటి శాస్త్రం ఎఱుగదు. నోట ఇచ్చే టీకా శత్రువు వచ్చే దారినే వెళ్ళి పేగులను మేల్కొలుపుతుంది. హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ తయారుచేసిన అట్టి టీకాను 2006లో పరీక్షించింది కలకత్తా పేదలవాడల్లోనే. రెండు మోతాదులు మ్రింగినవారికి అయిదేళ్ళపాటు 65 శాతం రక్షణ లభించింది.