అడవికి అగ్గి వద్దన్న అశోకుడు



అశోకుడు పుట్టుకతోనే దయగల రాజు కాడు. పట్టాభిషేకమైన 8వ ఏట కళింగ మీదికి దండు నడిపిండు. అక్కడ లక్షమంది చచ్చారని, లక్షా యాభై వేలమందిని చెరపట్టి తరలించారని తన శాసనంలో తనే రాయించుకున్నాడు. ఆ దుఃఖమే ఆయన్ని ధమ్మం వైపు తిప్పింది. 10వ ఏట, రాజులు సరదాగా పోయే వేట యాత్రలు మాని, బుద్ధుడికి జ్ఞానోదయమైన చోటికి పోయిండు.

ఆయన వంటశాలలో రోజూ లెక్కలేనన్ని జీవాలు తెగేవి. అది రెండు నెమళ్లకు, ఒక జింకకు తగ్గింది. ముందుముందు అవి కూడా చంపబోమని చెప్పించిండు. ఈ మాట మన తెలుగు నేల మీదే, కర్నూలు జిల్లా ఎర్రగుడి బండ మీద చెక్కి ఉంది. లోకానికి చెప్పక ముందు సొంత వంటింట్లో మొదలుపెట్టిండు, చూడండి.

26 ఏళ్ల పాలన తర్వాత వేయించిన స్తంభ శాసనం ఇంకా ముందుకు పోయింది. చిలుక, గోరింక, గబ్బిలం, తాబేలు, ఏదుపందిని చంపొద్దు. పాలిచ్చే మేకను, ఆరునెలలు నిండని పిల్లను ముట్టొద్దు. పురుగులున్న ఊకను కాల్చొద్దు. ఊరికే గానీ, జీవాలను చంపడానికి గానీ అడవికి అగ్గి పెట్టొద్దు. ఏనుగుల వనాల్లో, చేపల మడుగుల్లో కొన్ని దినాలు వేటే లేదు. ఇప్పటి అభయారణ్యానికి ఇది తాత లాంటిది.

దాచడమెందుకు, అడవి జనాన్ని హెచ్చరించిన మాట కూడా కళింగ శాసనంలో ఉంది. మహబూబాబాద్ జిల్లా కొత్తగూడ, గంగారం కోయవాళ్లకు ఆ గొంతు కొత్తది కాదు. 1952లో పాకాల అభయారణ్యమైంది, ఏటూరునాగారం కూడా అభయారణ్యమే. అప్పటినుంచి పోడు పంచాయితీ తెగలేదు. 2006 చట్టం అభయారణ్యంలో కూడా వాళ్ల హక్కును ఒప్పుకుంది. హక్కు వేరు, అగ్గి వేరు.

తునికాకు చిగురు కోసమని, ఇప్పపువ్వు ఏరడం సులువని పెట్టే మంటలో మొలకలు, నేల మీది గుడ్లు మాడిపోతయి. బోడిపడ్డ మట్టి తొలి వానకు కొట్టుకపోయి చెరువులో పడుతది. 1213లో కాకతీయులు కట్టించిన పాకాల చెరువు ఇంకా నీళ్లిస్తుందంటే, చుట్టూ అడవి నిలబడినందుకే. భూపాలపల్లిలో బొగ్గు గనులు తవ్విన చోటు చూస్తే, కాపలా లేని నేల ఏమైతదో తెలుస్తది.

జనగామలో అడవి తక్కువ. అక్కడ కోత మిషన్ పోయినంక వరికొయ్యలకు అగ్గి పెడుతున్నారు. అశోకుడి ఊక మాట వాళ్లకే.