మువ్వగోపాలుని పదకర్త క్షేత్రయ్య

తెలుగు సాహిత్యంలో పద్యాన్ని రాజాస్థానాలు పోషిస్తే, పదాన్ని దేవాలయాలు పెంచి పెద్దచేశాయి. పాడుకోవడానికీ, అభినయించడానికీ అనువైన రచన పదం. 15వ శతాబ్దిలో తాళ్ళపాక అన్నమాచార్యుడు తిరుమల వేంకటేశ్వరునికి సంకీర్తనలు సమర్పించి పదకవితకు మహోన్నత స్థానాన్ని కల్పించాడు. 17వ శతాబ్దిలో శృంగారపదానికి పరిపూర్ణతను చేకూర్చిన వాగ్గేయకారుడు క్షేత్రయ్య. ఎన్నో పుణ్యక్షేత్రాలను దర్శించి, ఎందరో ప్రభువుల మన్ననలను అందుకొన్నప్పటికీ, తన గ్రామంలో వెలసిన గోపాలుని మరువని భక్తుడు ఆయన.

కృష్ణానది సాగరాన్ని చేరబోయే ముందు రెండు పాయలుగా చీలి దివిసీమను ఏర్పరుస్తుంది. గుడివాడ నుండి పామర్రు మీదుగా దివిసీమకు సాగే మార్గానికి చేరువలో మొవ్వ గ్రామం ఉంది. దీనికే మువ్వ అని పేరు. నాట్యానికి పుట్టినిల్లయిన కూచిపూడి దీనికి సమీపంలోనే ఉంది. తూర్పున ఉన్న మచిలీపట్నం 17వ శతాబ్దిలో గోలకొండ రాజ్యానికి ప్రధానమైన ఓడరేవు. డచ్చివారు, ఆంగ్లేయులు అక్కడ వర్తకస్థానాలు నెలకొల్పుకొన్నారు. దక్షిణాన నది కడలిలో కలిసే హంసలదీవిలోనూ, ఇటు మొవ్వలోనూ వెలసిన దైవం వేణుగోపాలస్వామియే. పచ్చని వరిచేల నడుమ గోపాలుని వేణువును తలచుకొనే సంప్రదాయం ఈ సీమలో తరతరాలుగా ఉంది. ఆ సంప్రదాయంలో పుట్టినవాడు క్షేత్రయ్య. ఆయన తమిళదేశం వాడని వాదించిన పండితులు కొందరున్నా, మొవ్వయే ఆయన జన్మస్థలమన్నది బహుజనామోదం పొందిన అభిప్రాయం.

క్షేత్రయ్య అసలు పేరు వరదయ్య అని ప్రతీతి. ఆయన యౌవనాన్ని గూర్చి ఒక ఐతిహ్యం ప్రచారంలో ఉంది. మొవ్వ గోపాలుని సేవలో ఉన్న మోహనాంగి అనే దేవదాసిని వరదయ్య ప్రేమించాడట. సంగీతసాహిత్యాలలో ఆరితేరిన ఆమె, తన అనురాగాన్ని కోరేవాడు ముందుగా గోపాలునిపై పదాలు రచించి మెప్పించాలని నియమం పెట్టిందట. ఒక యోగి ఉపదేశించిన గోపాలమంత్రాన్ని వరదయ్య ఆలయంలో జపించి స్వామి అనుగ్రహం పొందాడనీ, నాటి నుండి ఆయన నోట పదాలు వెలువడ్డాయనీ చెబుతారు. ఇది చరిత్రకు అందిన విషయం కాదు. అయినా ఆయన కవిత్వ స్వరూపాన్ని గ్రహించడానికి ఈ కథ ఉపకరిస్తుంది. స్త్రీపురుషుల అనురాగం, జీవాత్మ పరమాత్మల సంబంధం ఆయన పదంలో విడదీయరానివి.

వరదయ్య గ్రామం వీడి యాత్రలకు బయలుదేరాడు. కంచి వరదరాజస్వామిని, చిదంబరంలోని గోవిందరాజస్వామిని, శ్రీరంగనాథుని, తిరువళ్ళూరు వీరరాఘవస్వామిని, మేలుకోట చెలువరాయస్వామిని, కడప వేంకటేశ్వరుని ఆయన పదాలు స్మరిస్తాయి. ఇలా క్షేత్రాలను సేవించినందువల్లనే ఆయనకు క్షేత్రయ్య అనే పేరు వచ్చిందంటారు. క్షేత్రజ్ఞుడనే మాటకు శరీరంలోని ఆత్మను ఎరిగినవాడని అర్థం ఉన్నందున, ఆ పేరులో వేదాంతార్థాన్ని దర్శించినవారూ ఉన్నారు.

సామాన్య భక్తుడు దేవాలయానికి పూలు, పండ్లు తీసుకొని వెళతాడు. క్షేత్రయ్య పదాన్ని తీసుకొని వెళ్ళాడు. ఆయన పదాలలో అధికభాగం మువ్వగోపాల ముద్రతోనే ఉన్నాయి. కొన్ని పదాలలో ఆయా క్షేత్రాల దైవాల పేర్లతోపాటు మువ్వగోపాలుని పేరు కూడా వినిపిస్తుంది. గర్భగుడిలో నిలిచిన మూర్తి ఏదైనా, ఆయన కనులకు గోచరించినవాడు చిన్ననాట తాను కొలిచిన వేణుగోపాలుడే. ఎన్ని దేవళాలు తిరిగినా దైవం ఒక్కడే అనే సత్యాన్ని ఆయన ఉపన్యాసంగా చెప్పలేదు; ముద్రగా నిలిపాడు.

ఆ కాలంలో దక్షిణభారతం పలు రాజ్యాలుగా విడిపోయి ఉంది. తంజావూరు, మధుర నాయకరాజుల మధ్య సఖ్యత లేదు. గోలకొండ కుతుబ్‌షాహీల సేనలు దక్షిణానికి చొచ్చుకొని వస్తున్నాయి. అటువంటి సంక్షుభిత కాలంలో ఈ మూడు ఆస్థానాలూ క్షేత్రయ్యను ఆదరించడం విశేషం. తంజావూరు పాలకుడు విజయరాఘవ నాయకుడు స్వయంగా యక్షగానకర్త, మన్నారుగుడి రాజగోపాలస్వామి భక్తుడు. ఆయన సభలో రంగాజమ్మ వంటి కవయిత్రులు విరాజిల్లారు. మధురలో తిరుమల నాయకుడు, గోలకొండలో పాదుషా ఆయన ప్రతిభను గుర్తించారు. ఆ పాదుషా అబ్దుల్లా కుతుబ్‌షా అని పండితులు భావిస్తారు. మధురలో రెండువేలు, తంజావూరులో వెయ్యి, గోలకొండలో నలభై దినాలలో పదిహేనువందలు పదాలు చెప్పినట్లు క్షేత్రయ్య ఒక పదంలో పేర్కొన్నాడు. ఇస్లాం మతస్థుడైన ప్రభువు కొలువులో గోపాలుని శృంగారలీలలు గానం చేయబడటం, కళకు మతభేదం లేదనడానికి నిదర్శనం.

క్షేత్రయ్య పదాలలో మాట్లాడేది చాలావరకు నాయిక. కొన్నిచోట్ల చెలికత్తె కూడా మాట్లాడుతుంది. భరతుని నాట్యశాస్త్రంలోని అష్టవిధ నాయికలు ఆయన పదాలలో లక్షణాలుగా కాక, సజీవులైన స్త్రీలుగా దర్శనమిస్తారు. ఎదురుచూపు, అలుక, నిష్ఠూరం, పశ్చాత్తాపం వంటి భావాలను ఆయన ఇంటింటా వినిపించే తేటతెలుగు పలుకుబడిలో పలికించాడు. ముఖారి, భైరవి, కాంభోజి, సహాన వంటి రాగాలలో విలంబకాలంలో సాగే ఆ పదాలు అభినయానికి ఎంతో అవకాశమిస్తాయి. పల్లవికి ముందుగా అనుపల్లవిని ఎత్తుకొని పాడటం ఈ పదగానంలో ఒక సంప్రదాయం.

అన్నమయ్య సంకీర్తనలను రాగిరేకులు కాపాడాయి. క్షేత్రయ్య పదాలకు ఆ భాగ్యం లభించలేదు. వాటిని ప్రధానంగా నిలిపినవి దేవదాసీల, కలావంతుల కంఠాలు. తల్లి నుండి కూతురికి, గురువు నుండి శిష్యురాలికి అవి వారసత్వంగా సంక్రమించాయి. అయితే 19వ శతాబ్ది చివరి నుండి ఈ శృంగారపదాలను నీతిబాహ్యమైనవిగా చూసే ధోరణి ప్రబలింది. దేవదాసీ వ్యవస్థలో స్త్రీలు అనుభవించిన బాధలు నిజమైనవి కనుక, 1947లో మద్రాసు ప్రభుత్వం చేసిన నిషేధచట్టం అవసరమైన సంస్కరణయే. కానీ వ్యవస్థతోపాటు ఆ స్త్రీల విద్యను కూడా సంఘం చిన్నచూపు చూసింది. ఆ నిరాదరణలో ఎన్నో పదాలు కాలగర్భంలో కలిసిపోయే ప్రమాదం ఏర్పడింది.

ఆ విపత్కాలంలో వీణ ధనమ్మాళ్ కుటుంబం ఈ పదసంపదను పదిలపరచింది. ఆమె మనుమరాలు బాలసరస్వతి తన అభినయంతో ఆ పదాలను దేశవిదేశాలలో ప్రదర్శించింది. భౌతికశాస్త్ర ఆచార్యుడైన విస్సా అప్పారావు ఎంతో శ్రమించి క్షేత్రయ్య పదాలను సేకరించి ప్రకటించాడు. కవి చెప్పుకొన్న నాలుగువేల అయిదువందల పదాలలో నేడు మనకు లభిస్తున్నవి సుమారు నాలుగువందలకు మించవు. గుడివాడ సమీపంలోని రామాపురంలో జన్మించిన అక్కినేని నాగేశ్వరరావు కథానాయకుడుగా 1976లో వెలువడిన మహాకవి క్షేత్రయ్య చలనచిత్రం ఆ మహనీయుని పేరును సామాన్య ప్రజలకు మరింత చేరువ చేసింది.

ప్రాభవంలో మొవ్వ వేణుగోపాలస్వామి సన్నిధి కంచికి, శ్రీరంగానికి సాటిరాకపోవచ్చు. అయినా ఆ గోపాలుని నామం తంజావూరులో, మధురలో, గోలకొండలో మారుమ్రోగింది. క్షేత్రయ్యను సన్మానించిన రాజ్యాలు ఆ శతాబ్దిలోనే ఒక్కొక్కటిగా క్షీణించాయి. తంజావూరు నాయకుల పాలన 1673లో, గోలకొండ రాజ్యం 1687లో అంతరించాయి. ఆయన పదం మాత్రం మిగిలింది. స్వగ్రామాన్ని గుండెలో నిలుపుకొని లోకాన్ని దర్శించినవాడు క్షేత్రయ్య. ఆ పదాన్ని గుండెలో దాచుకొని మన కాలానికి అందించినవారు పేరైనా తెలియని గాయనీమణులు. మొవ్వ గోపాలుని దర్శించేవారు కవితోపాటు వారిని కూడా స్మరించడం ధర్మం.