ఛాయాగ్రాహకుడు గ్విడో జేబర్

జర్మనీ దేశమునందు కెమ్నిట్జ్ అను నగరము కలదు. నేతమిల్లులకును, యంత్రశాలలకును అది పెట్టినది పేరు. 1879వ సంవత్సరమున గ్విడో జేబర్ అచ్చట జన్మించెను. తండ్రి క్లెమెన్స్ ఛాయాచిత్రములు తీయుటయే వృత్తిగా గలవాడు. అందుచే కటకములును చీకటిగదియు ఆ బాలునకు చిన్ననాడే పరిచయములయ్యెను. 1890ల చివర ఐరోపాలో కదలెడి బొమ్మలు కొత్తగా వెలయగా, అతడు వానియందు మనసు నిలిపి స్వయముగా చిత్రములు తీయ మొదలిడెను. ముప్పదియేండ్ల ప్రాయమున బెర్లినులోని డాయిచె బయోస్కోప్ సంస్థకు సాంకేతికాధిపతి యయ్యెను.

ఆ కాలపు ఫిల్మునకు వెలుతురు మిక్కుటముగా కావలెను. దీపముల కాంతి చాలదు. కనుక స్టూడియోలను గాజుతో గట్టి ఎండను లోనికి రానిచ్చెడివారు. 1911లో జేబర్ పోట్స్‌డామ్ నగరముచెంత బాబెల్స్‌బర్గులో మూతపడిన కార్ఖానా నొకదానిని చూచి, దాని ప్రక్కన అట్టి గాజుశాలను కట్టించెను. 1912 ఫిబ్రవరిలో అందు చిత్రీకరణము మొదలయ్యెను. నూరేండ్లు గడచిన పిదప గూడ బాబెల్స్‌బర్గులో చిత్రములు తీయుచునే యుండిరి.

అతని పేరు నిలిపినది 1913 నాటి ‘ప్రాగ్ విద్యార్థి’ అను చిత్రము. బాల్డూయిన్ అను పేదవిద్యార్థి లక్ష బంగారు నాణెములకు ఆశపడి, అద్దములోని తన ప్రతిబింబమును ఒక మాయావి కమ్ముకొనును. అది అద్దమునుండి దిగివచ్చి అతనిని వెంటాడును. తుదకు దానిని పిస్తోలుతో కాల్చి, తానే ప్రాణములు విడుచును.

మనిషియు, ప్రతిబింబమును ఒక్కమారే తెరపై కనబడవలెను. నటుడు పావుల్ వేగెనర్ ఒక్కడే! కవలలిద్దరిని ఒకే నటుడు ధరించుట తెలుగు చిత్రములు చూచు మనకు వింతగాదు. నాటి కెమెరాలతో అది యెంత కష్టమో చూడుడు. జేబర్ కెమెరా చూపులో సగమును కప్పి, తెరచియున్న సగమున వేగెనరును చిత్రించెను. తరువాత ఆ ఫిల్మునే మొదటికి త్రిప్పి, తెరచిన సగమును కప్పి, కప్పిన సగమును తెరచి, ఆవలివైపు నిలిచిన వేగెనరును మరల చిత్రించెను. కెమెరాకు మోటారు లేదు. పిడిని చేతితో త్రిప్పవలెను. ఒక్క చుట్టునకు ఎనిమిది బొమ్మలు పడును. చుట్ల లెక్క తప్పెనా, ఒకడు చూచువేళకు రెండవవాడు మొగము త్రిప్పుకొనును. కెమెరా వెంట్రుకవాసి కదలెనా, నడుమ అతుకు బయటపడును. నటుడు హద్దు దాటి చేయి చాచెనా, ఆ చేయి మాయమగును. తప్పు జరిగినదో లేదో ఫిల్మును కడిగినగాని తెలియదు.

ఈ కిటుకు అంతకుముందు లేనిది కాదు. ఫ్రాన్సులో మేలియే దానితో జనులను నవ్వించెను. జేబర్ అదే కిటుకుతో భయము పుట్టించెను. అందే అతని ప్రతిభ యున్నదని తోచును.

తరువాత అతడు పాబ్స్ట్ మొదలగు దర్శకులకు చిత్రములు తీసిపెట్టెను. తానెరిగిన మర్మములను దాచుకొనక, 1927లో కెమెరాపనిని గూర్చియు, మాయాదృశ్యములను గూర్చియు గ్రంథములు ప్రకటించెను. 1932లో పక్షవాతము సోకెను. 1940 జూలై 2వ తేదీన బెర్లినులో మరణించెను.